మాన్‌స్టెరాకు ఏ కిటికీ దగ్గర చోటివ్వాలి?

ఇంట్లో పెంచే మొక్కల గురించి మనకు దొరికే సలహాల్లో చాలా భాగం యూరప్, అమెరికాల్లోని ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. దక్షిణం కిటికీలోంచి ఎండ ఎక్కువగా వస్తుందనీ, ఉత్తరం కిటికీలోంచి దాదాపు రానే రాదనీ అవి చెబుతాయి. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దరిదాపుల్లోనూ, ఆ పైనా అది సరైన మాటే. న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువారు దాన్ని యథాతథంగా పాటించవచ్చు. హైదరాబాదు 17 డిగ్రీల మీద ఉంది. ఇక్కడ భరణి కార్తె చివర, మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అది మొదలు ఆగస్టు 3 దాకా మిట్టమధ్యాహ్నం మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అందువల్ల ఆ సలహాలను ఇక్కడి ఇళ్లలో అలాగే అమలు చేస్తే మొక్కకు చోటు తప్పుతుంది.

మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు ఉన్న తేమ అడవుల మొక్క. అక్కడది పెద్ద చెట్ల మొదళ్ల దగ్గర మొలిచి, మానును పట్టుకుని వెలుతురులోకి ఎగబాకుతుంది. నీడలో బతకగలదు, కానీ చీలికలు, రంధ్రాలు ఉన్న పెద్ద ఆకులు వేయాలంటే దానికి మంచి వెలుతురు కావాలి. నీడ మొక్క అని చెప్పి అమ్మితే హాల్లో సోఫా వెనక మూలన పెట్టేస్తాం; అక్కడది చావదు, ఎదగదు.

దిక్కులవారీగా చూస్తే, తూర్పు కిటికీ మన దగ్గర ఏడాది పొడవునా నమ్మదగినది. ఉదయం తొమ్మిదిలోపు వచ్చే లేత ఎండ నేరుగా ఆకుల మీద పడినా, అలవాటుపడిన మొక్క హాయిగా తట్టుకుంటుంది. దక్షిణం కిటికీ మాత్రం రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు సూర్యుడు బాగా పైన ఉండటంతో సజ్జ నీడే కిటికీని కప్పేస్తుంది, కాబట్టి మొక్కను కిటికీకి ఆనించి పెట్టినా ఇబ్బంది లేదు. డిసెంబరు చివర్లో మధ్యాహ్నపు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. కిటికీ పై అంచు నేలకు 7 అడుగుల ఎత్తున ఉంటే, అడుగున్నర సజ్జ అడ్డుకున్నది పోగా, ఎండ గదిలోకి నాలుగైదు అడుగుల దాకా పాకుతుంది. ఆ రెండు మూడు నెలలు కుండీని ఎండ పట్టీకి అవతల ఉంచాలి, లేదా పల్చటి తెల్ల కర్టెన్ వేయాలి. ఉత్తరం కిటికీలోకి మే, జూన్, జులై నెలల్లో పొద్దునా సాయంత్రమూ ఏటవాలుగా ఎండ వస్తుంది. చలికాలంలో అస్సలు రాదు. ఇక పడమటి కిటికీ ఏప్రిల్, మే నెలల్లో ప్రమాదకరం. మూడు గంటల తర్వాత వచ్చే ఎండకు అద్దం వేడి కూడా తోడవుతుంది కాబట్టి, అక్కడ పెట్టక తప్పకపోతే మూడు నాలుగడుగులు వెనక్కి జరిపి కర్టెన్ వేయండి. మొక్కలకు వాస్తు చూసే ఇళ్లు కూడా ఉన్నాయి. వాస్తు చెప్పే మూలలో కిటికీ ఉందా అన్నది ముందు చూసుకుంటే మంచిది.

దిక్కు ఒక్కటీ చూస్తే చాలదు. ఎదురుగా పది అడుగుల్లో పక్క అపార్ట్‌మెంటు గోడ ఉంటే తూర్పు కిటికీ కూడా చీకటి కిటికీయే; ఆ గోడకు తెల్ల సున్నం ఉంటే మళ్లీ లెక్క మారుతుంది. దోమల జాలీ, అందులో పేరుకున్న దుమ్ము, రంగు అద్దం, ఇవన్నీ వెలుతురును తినేసేవే. కన్ను ఇక్కడ మంచి సాక్షి కాదు, ఎందుకంటే మసక గదికి అది ఇట్టే సర్దుకుంటుంది. అందుకని మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మొక్క ఆకులు ఉండే చోట ఒక తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తున అరచెయ్యి చాపి నీడను చూడండి. వేళ్ల అంచులు గీసినట్టుగా కనిపిస్తే అది నేరుగా పడే ఎండ. అంచులు మెత్తబడి, అయినా చెయ్యి ఆకారం స్పష్టంగా తెలుస్తుంటే మాన్‌స్టెరాకు కావలసింది అదే. ఏదో మసక మరక మాత్రమే కనిపిస్తే కుండీని కిటికీ దగ్గరికి జరపాలి. ఫోన్‌లోని లక్స్ యాప్‌తో (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) కొలిస్తే కచ్చితమైన అంకె రాదు గానీ, రెండు చోట్లను పోల్చడానికి పనికొస్తుంది. ఆరుబయట నడి ఎండ సుమారు 1,00,000 లక్స్. రాత్రి ట్యూబ్‌లైటు కింద హాల్లో సాధారణంగా కొన్ని వందలు మాత్రమే. పగలంతా 5,000 నుంచి 10,000 లక్స్ దాకా అందే చోట మాన్‌స్టెరా చక్కగా ఎదుగుతుంది. తెల్ల మచ్చల రకాలకు ఇంకాస్త ఎక్కువ కావాలి, తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు కనుక.

చోటు తప్పిందో లేదో కొత్త ఆకును చూసి తెలుసుకోవాలి, పాతవాటిని చూసి కాదు. వెలుతురు చాలనప్పుడు కాడలు సన్నగా బారుగా సాగి, కణుపుల మధ్య ఎడం పెరిగి, మొక్క మొత్తం కిటికీ వైపు వాలుతుంది. ఎదిగిన మొక్క కూడా చీలికలు లేని చిన్న ఆకులు వేస్తుంది. ఎండ ఎక్కువైతే ఆకు మొదట పాలిపోయి, ఎండ తగిలిన చోటే గోధుమరంగు మచ్చలు పడతాయి. ముట్టుకుంటే ఆ మచ్చ ఎండిన కాగితంలా గలగలలాడుతుంది. అది మళ్లీ పచ్చబడదు. కింది ఆకులు పసుపుబారితే మాత్రం వెంటనే వెలుతురును అనుమానించకుండా, మట్టిలో రెండంగుళాల లోతుకు వేలు పెట్టి చూడండి. మసక గదిలో మొక్క నీళ్లు తక్కువగా తాగుతుంది, మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి వేళ్లు కుళ్లుతాయి. కుండీని చీకటి వైపు జరిపితే నీళ్లు తగ్గించడం కూడా అందులో భాగమే.

కడియం నర్సరీల నుంచి వచ్చే ఇలాంటి మొక్కలు గ్రీన్‌నెట్ నీడలో పెరిగినవి. ఆ నీడ మన హాలు కంటే చాలా వెలుగు, మన బాల్కనీ ఎండ కంటే చాలా తక్కువ. కాబట్టి తెచ్చిన రోజునే బాల్కనీ అంచున పెట్టకూడదు; రెండు వారాలపాటు కొద్దికొద్దిగా జరుపుతూ రావాలి. కుండీని వారానికోసారి తిప్పమని చెప్పే సలహా పొదలా పెరిగే మొక్కలకు బాగుంటుంది గానీ, కర్రకు పాకించిన మాన్‌స్టెరాకు నప్పదు. దాని ఆకులు వెలుతురు వైపు, కాండం నుంచి బయటికి వచ్చే గాలి వేళ్లు వెనక వైపు ఉంటాయి. కర్రను వెనక ఉంచి మొక్కను అలాగే ఉండనివ్వడం మేలు.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బు పట్టిన రోజుల్లో ఒకటి రెండడుగులు కిటికీ వైపు జరిపితే చాలు. కిటికీయే లేని గదికైతే తెల్లటి ఎల్ఈడీ గ్రోలైటు (మొక్కల కోసం చేసిన దీపం) తప్పదు. దాన్ని ఆకులకు అడుగు నుంచి అడుగున్నర ఎత్తున వేలాడదీసి, టైమర్ పెట్టి, రోజుకు 12 గంటలు వెలిగించాలి. చిన్న బల్బు అయితే దూరం రెట్టింపు చేసేసరికి అందే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, సీలింగ్‌కు బిగించిన బల్బును నమ్ముకోవద్దు. ఏ వెలుతురైనా ఆకు మీద దుమ్ము ఉంటే లోపలికి దిగదు. పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో, ఆకు కింద చెయ్యి ఆనించి, మెల్లగా తుడవండి.