చెమ్మ పట్టిన పుస్తకాలను కాపాడుకున్న విధానం

కోనసీమలో కాలువ గట్టుకు దగ్గరగా ఉన్న మా ఇంట్లో, నాన్నగారు కొని దాచిన పుస్తకాలకు ప్రతి శ్రావణంలోనూ బూజు పట్టేది. మొదట కలరా ఉండలు వేశాను. బూజు ఆగలేదు సరికదా, ఆ వాసన నెలల తరబడి కాగితాన్ని వదలలేదు. తరువాత ఎండలో ఆరబెట్టడం మరింత పెద్ద పొరపాటు, ఎందుకంటే చౌక కాగితంలోని లిగ్నిన్ అనే కలప పదార్థం కారణంగా పుటలు పసుపు రంగుకు తిరిగి పెళుసుబారాయి.

బీరువాను తడి గోడకు ఆనించి ఉంచడమే అసలు కారణమని, దాని వెనుక పలకను తడిమి చూసినప్పుడు గానీ నాకు తెలియలేదు. గాలిలో తేమ 65 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే కాగితంపై బూజు పెరిగే అవకాశం ఉంటుంది కాబట్టి, బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, కాళ్ల కింద ఇటుకలు పెట్టి, పుస్తకాలను వదులుగా సర్ది, లోపల ఒక చిన్న తేమమాపకాన్ని ఉంచాను. పాత బూజును మాత్రం, ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట నీడలో, పుస్తకం పూర్తిగా ఆరిన తరువాతనే మెత్తని కుంచెతో దులిపాను. తడి మీద తుడిస్తే అది కాగితంలోకి ఇంకిపోతుంది.

ప్రతి అరలోనూ తేమను పీల్చుకునే సిలికా జెల్ గుళికల సంచి పెట్టాను. నీలిరంగు గుళికలలో కోబాల్ట్ క్లోరైడ్ అనే విషపదార్థం ఉంటుంది, ఇంట్లో పసిపిల్లలున్నారు, అందుకని నారింజ రంగువే కొన్నాను. తేమ పీల్చుకొని రంగు మారగానే ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల వద్ద వేడి చేస్తే అవి మళ్లీ పనిచేస్తాయి. అయితే బీరువా తలుపు బిగుతుగా మూతపడకపోతే ఈ ఖర్చంతా దండగే.

ఈ ఏడు ముసురు పట్టిన పది రోజులలోనూ తేమమాపకం 60 దాటలేదు.