పీ0420 కోడ్ వచ్చిందా? క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చే ముందు చేయాల్సిన పనులు

చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0420 అని వస్తుంది. అరగంటలో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) పోయిందని తేల్చేస్తారు, లేదంటే "ముందు సెన్సర్ మార్చి చూద్దాం" అంటారు. ఈ రెండు తీర్పులూ విని విని విసిగిపోయాను. ఆ కోడ్‌లో ఏ పార్టు పేరూ లేదు. కన్వర్టర్ పనితనం ఉండాల్సిన హద్దు కన్నా తగ్గినట్టు కంప్యూటర్‌కి అనిపించింది, అంతే. ఎందుకు అలా అనిపించిందో మనం వెతుక్కోవాలి.

నేను చెప్పేదంతా పెట్రోల్ కార్ల సంగతి. డీజిల్ బండ్లలో ఈ వ్యవస్థే వేరు.

పెట్రోల్, గాలి పాళ్లు 1కి 14.7 దగ్గర నిలబెట్టడానికి ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ ఉంటుంది. కన్వర్టర్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ ఆ ఊగిసలాటను చూస్తుంది. కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ ఉంటుంది. దాని గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత, ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకునే సీరియం ఉంటాయి. దిమ్మ బాగుంటే ఆ ఊగిసలాటను తనలో ఇముడ్చుకుంటుంది, వెనక సెన్సర్ దాదాపు కదలకుండా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలైతే కోడ్ పడుతుంది. ఈ సంగతి బుర్రకెక్కితే మిగతా పని సగం తేలిక.

కావలసినవి

లైవ్ డేటా, అంటే సెన్సర్ల రీడింగ్‌లను అప్పటికప్పుడు చూపించే స్కానర్, మల్టీమీటర్, సెన్సర్ విప్పడానికి పక్కన గాడి ఉన్న 22 ఎంఎం సాకెట్, చేతి తొడుగులు, బండి కింద దూరాలంటే జాక్ స్టాండ్లు. ఉత్త జాక్ మీద నిలబెట్టిన బండి కిందకి వెళ్లొద్దు. కోడ్ నంబర్ మాత్రమే చూపించే చిన్న రీడర్ ఈ పనికి చాలదు, పక్కన పెట్టేయండి.

కోడ్లన్నీ రాసుకోండి, చెరపకండి

ఉన్న కోడ్లన్నీ, వాటితో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలూ కాగితం మీద రాసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉందో, ఎంత వేగంతో తిరుగుతోందో అందులో ఉంటుంది. చెరిపేస్తే ఆ ఆధారం పోయినట్టే.

వరసను కూడా పాటించండి. పీ0300, పీ0301లాంటి మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం, మిస్సింగ్) కోడ్లుంటే ముందు వాటి పని చూడాలి. తర్వాత పీ0171, పీ0172, అంటే మిశ్రమం లీన్ (పెట్రోల్ తక్కువ) లేదా రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయిందనే కోడ్లు. ఆ తర్వాత సెన్సర్ల కోడ్లు. పీ0420 అన్నిటికన్నా చివర. కన్వర్టర్ సాధారణంగా తనంతట తాను చెడిపోదు. మిస్సింగ్ వల్ల మండని పెట్రోల్ లోపలికి వచ్చి మండితే సిరామిక్ కరిగిపోతుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే, కూలెంట్ లోపలికి కారుతుంటే పూత మీద మడ్డి కడుతుంది. ఆ మూలం అలాగే వదిలి కొత్తది బిగిస్తే దానికీ అదే గతి.

లైట్ నిలకడగా వెలగకుండా మిణుకు మిణుకుమంటుంటే మాత్రం బండిని ఆపేయండి. ఆ క్షణంలోనే కన్వర్టర్ పాడవుతోందని దాని అర్థం. "ఇంటిదాకా పోనిద్దాం" అనుకున్న ఆ కాస్త దూరంలోనే బాగున్న కన్వర్టర్ కరిగిపోవచ్చు.

పీ0420 బ్యాంక్ 1 కన్వర్టర్‌ది. బ్యాంక్ 1 అంటే ఒకటో సిలిండర్ ఉన్న వైపు. సెన్సర్ 1 కన్వర్టర్‌కి ముందుది, సెన్సర్ 2 వెనకది. వీ ఆకారం ఇంజిన్లలో రెండో వైపు కన్వర్టర్‌కి పీ0430 వస్తుంది. ఏ వైపో చూసుకోకుండా రెండో వైపు సెన్సర్ మార్చేసి, కోడ్ పోలేదని మళ్లీ వచ్చినవాళ్లను చూశాను.

హీటర్ కోడ్లు

సెన్సర్‌ని త్వరగా వేడెక్కించడానికి లోపల చిన్న హీటర్ ఉంటుంది. పీ0135 ముందు సెన్సర్ హీటర్‌ది, పీ0141 వెనకదానిది. ఇది తేలిక పని. ఫ్యూజ్ చూడండి, కప్లర్ విప్పి పిన్నులకు తుప్పు పట్టిందేమో, వైరు సైలెన్సర్‌కి తగిలి కాలిందేమో చూడండి. హీటర్ వైర్లు రెండూ చాలా సెన్సర్లలో ఒకే రంగులో ఉంటాయి. వాటి మధ్య మీటర్ పెడితే కొద్ది ఓమ్‌లు చూపించాలి. అసలేమీ చూపించకపోతే హీటర్ తెగింది, సెన్సర్ మార్చండి.

ఎగ్జాస్ట్ లీక్

రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి, మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే గొట్టాలు) నుంచి వెనక సెన్సర్ దాకా చెవి పెట్టి వినండి. టిక్ టిక్ మంటుంటే, ప్యాకింగ్ దగ్గర మసి చార కనిపిస్తే అక్కడ లీక్ ఉంది. పొగ బయటికి పోతే సెన్సర్‌కేం నష్టం అని అడుగుతారు. ఎగ్జాస్ట్ ఒకే ఒత్తిడితో పారదు, అలలు అలలుగా వస్తుంది. రెండు అలల మధ్య ఒత్తిడి పడిపోయినప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ సెన్సర్ లెక్క తప్పేలా చేస్తుంది. ఒకసారి నా దగ్గరికి మూడు సెన్సర్లు మార్చిన బండి వచ్చింది. కోడ్ మాత్రం అలాగే ఉంది. చివరికి అది కన్వర్టర్ ముందున్న ప్యాకింగ్ కాలిపోవడం వల్ల వచ్చిందని తేలింది.

లైవ్ డేటా: అసలు పని ఇక్కడుంది

ఇక్కడ తొందరపడకండి. తప్పులన్నీ ఈ ఒక్క దశలోనే జరుగుతాయి.

మొదటిది వేడి. కన్వర్టర్ సుమారు 250, 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ సరిగా పని మొదలుపెట్టదు. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి చూసిన రీడింగ్ దేనికీ పనికిరాదు. కనీసం ఇరవై నిమిషాలు బండి నడపండి. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి 2500 ఆర్‌పీఎం దగ్గర మూడు నిమిషాలు నిలకడగా పట్టుకోండి. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా చూడొద్దు. ఐడిల్‌లో కన్వర్టర్ చల్లబడుతుంది, బాగున్నదాని వెనక సెన్సర్ కూడా ఊగడం మొదలుపెట్టవచ్చు. బాగున్న కన్వర్టర్లు చాలా వరకు ఇక్కడే తుక్కులోకి పోతున్నాయి.

రెండోది, స్కానర్ తెర మీద పది లెక్కలు తెరవకండి. ఎన్ని ఎక్కువ తెరిస్తే ఒక్కొక్కటి అంత నెమ్మదిగా మారుతుంది. ముందు సెన్సర్, వెనక సెన్సర్ రెండే పెట్టి, గ్రాఫ్ రూపంలో చూడండి. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపే చిన్న అడాప్టర్లు నేను వాడను. చాలా వాటిలో అంకెలు మెల్లగా వస్తాయి, సగం ఊగిసలాట కనపడకుండా పోతుంది.

మూడోది, మీ బండికి ముందు ఉన్నది ఏ రకం సెన్సరో తెలుసుకోండి. పాత రకం జిర్కోనియా సెన్సరైతే 0.1 వోల్టుకీ 0.9 వోల్టుకీ మధ్య ఊగుతుంది. 0.45 పైన రిచ్, కింద లీన్. ఇప్పటి బండ్లలో చాలావాటికి ముందు ఉండేది వైడ్‌బ్యాండ్ సెన్సర్. అది అలా ఊగదు, దాని అంకెలు కంపెనీని బట్టి మారతాయి. దాని గీత తిన్నగా ఉందని చూసి "సెన్సర్ చచ్చిపోయింది" అనేవాళ్లున్నారు. అది తిన్నగానే ఉండాలి.

ఇక వెనక సెన్సర్. అది 0.6, 0.7 వోల్టుల దగ్గర నెమ్మదిగా కదులుతూ ఉంటే కన్వర్టర్ పనిచేస్తోంది. వేగంగా పైకీ కిందకీ ఊగుతుంటే కన్వర్టర్ మీద అనుమానం. 0.1 దగ్గరే పడి ఉంటే లీక్ గానీ లీన్ మిశ్రమం గానీ సెన్సర్ లోపం గానీ. 0.45 దగ్గర కదలకుండా ఉంటే చాలా బండ్లలో సెన్సర్ చల్లగా ఉందనో, వైరు తెగిందనో అర్థం.

తీర్పు ఇచ్చే ముందు సాక్షిని పరీక్షించండి. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే వెనక సెన్సర్ 0.8 దాటాలి. ఒక్కసారిగా వదిలేస్తే, ఇంధనం ఆగిపోగానే, 0.1 దగ్గరికి పడాలి. రెండూ చురుగ్గా జరిగితే సెన్సర్ నిజం చెబుతోంది. బద్ధకంగా కదిలితే దాని మాట మీద కన్వర్టర్‌ని నిందించకండి.

అప్పుడు ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూడండి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ కలిపితే పది శాతానికి అటూ ఇటూ ఉండాలి. అంతకు మించి ప్లస్‌లో ఉంటే ఎక్కడో లెక్కలో లేని గాలి వస్తోంది, లేదా పెట్రోల్ తగ్గింది. అది సరిచేశాకే మళ్లీ ఈ పరీక్ష. వేరువేరు రోజుల్లో మూడుసార్లు ఒకే ఫలితం వస్తేనే కన్వర్టర్ పోయిందని నమ్మాలి. రెండుసార్లు చాలదు.

కొందరు టెంపరేచర్ గన్ పెట్టి, వెనక భాగం ముందు భాగం కన్నా వేడిగా లేకపోతే పోయినట్టే అంటారు. మిశ్రమం చక్కగా కుదిరిన నేటి ఇంజిన్లలో కన్వర్టర్ బాగున్నా ఆ తేడా స్వల్పంగానే ఉండొచ్చు, కవచాల మీద గన్ చదివే లెక్క కూడా సరిగా ఉండదు. ట్యాంకులో పోసే సీసాల మందు సంగతీ అంతే: కరిగిన సిరామిక్ దేనితోనూ తిరిగి రాదు. ఇక సెన్సర్‌ని పొగ నుంచి దూరం జరిపే స్పేసర్లు. అవి కంప్యూటర్‌ని మోసం చేస్తాయి, విషవాయువులు మాత్రం మనం పీల్చే గాలిలోకే పోతాయి. ఆ పని ఎవరు అడిగినా నేను చేయను.

మార్చాల్సి వస్తే

సెన్సర్ విప్పేటప్పుడు ఎగ్జాస్ట్ గోరువెచ్చగా ఉండాలి. పూర్తిగా చల్లారితే మర పట్టేస్తుంది, బలవంతం చేస్తే థ్రెడ్ ఊడి వస్తుంది. కొత్త సెన్సర్ మరకి, అది పట్టేయకుండా పూసే మందు ముందే పూసి ఉంటే మళ్లీ పూయకండి, కొనకి అసలు తగలనీయకండి. దగ్గర్లో సిలికాన్ సీలెంట్ వాడొద్దు, దాని ఆవిరి సెన్సర్‌ని పాడుచేస్తుంది.

కన్వర్టర్ మార్చే ముందు మీ మోడల్‌కి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చిందేమో తయారీదారు దగ్గర కనుక్కోండి. కొన్ని బండ్లలో హద్దును సవరించి ఇచ్చారు. చవక కన్వర్టర్లలో పూత పల్చగా ఉంటుంది, కొద్ది నెలలకే అదే కోడ్ మళ్లీ రావచ్చు. మీ బండికి సరిపడేదే, వాహన ఉద్గార ప్రమాణానికి ఆమోదం ఉన్నదే తీసుకోండి.

పని అయ్యాక కోడ్ చెరిపి, కొన్ని రోజులు మామూలుగా నడపండి. సాధారణంగా ఈ లోపం వరసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది, కాబట్టి చెరిపిన మర్నాడు లైట్ లేదని సంబరపడకండి. స్కానర్‌లో క్యాటలిస్ట్ మానిటర్ (కన్వర్టర్ మీద కంప్యూటర్ చేసే సొంత పరీక్ష) పూర్తయిందని చూపించాలి, పెండింగ్ కోడ్ల (ఇంకా లైట్ వెలిగించని కోడ్ల) జాబితా ఖాళీగా ఉండాలి. అప్పటిదాకా పొల్యూషన్ పరీక్షకి వెళ్లొద్దు.