చలి పొద్దున పాత డీజిల్ ఆటో మొరాయిస్తే ఏం చేయాలి?

డిసెంబరు వస్తే నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల కట్టల మీద తెల్లారేసరికి ఇదే వరస. మేత బస్తాలు ఎక్కించిన పాత ట్రాలీ ఆటోను వెనక నుంచి ఇద్దరు తోస్తుంటారు, సీట్లో ఉన్నాయన సెల్ఫ్ వదలడు. ఏమైందని అడిగితే చలికి డీజిల్ గడ్డకట్టిందంటారు. మన దగ్గర అది జరగదు. దేశంలో అమ్మే డీజిల్‌కు పోర్ పాయింట్, అంటే ఏ వేడి కంటే కిందికి పోతే డీజిల్ పారడం మానేస్తుందో ఆ హద్దు, చలికాలంలో 3 డిగ్రీలు, ఎండాకాలంలో 15 డిగ్రీలు దాటకూడదని ప్రమాణం ఉంది. నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా 20కి అటూఇటూ ఉంటుంది. ఉదయగిరి కొండల దగ్గర ఇంకాస్త తగ్గుతుంది, అంతే.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. పొద్దున్నే ఇనుము చల్లగా ఉంటుంది, ఆయిల్ చిక్కగా ఉంటుంది. బ్యాటరీ కూడా నీరసంగా ఉంటే ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది, ఆ వేడి చాలదు. పగలు ఎలాగో నెట్టుకొచ్చే లోపాలన్నీ ఆ వేళకు బయటపడతాయి.

ముందు పొగ చూడండి

ఏ పానా ముట్టుకోకముందు బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లకు మించి కొట్టొద్దు. మళ్లీ కొట్టేముందు కనీసం అర నిమిషం ఆగాలి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. సైలెన్సర్‌లో తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ మండటం లేదు. అసలు పొగే లేదంటే డీజిల్ అందడం లేదు. ఈ రెండిటికీ తేడా చూడకుండా బండి విప్పేవాళ్లే ఎక్కువ.

పొగ లేకపోతే ఇంజిన్ ఆపే కేబుల్ పూర్తిగా వెనక్కి వచ్చిందా చూడండి. ఈశాన్య వానల బురదకు అది సగంలోనే పట్టేస్తుంది, జనం డీజిల్ పంపు పోయిందనుకుంటారు.

బ్యాటరీ

టెర్మినళ్ల మీది తెల్ల బూజును వేడినీళ్లతో కడిగి, తుడిచి, బిగించండి. ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ తీగ కూడా చూడండి. పాత బండ్లలో సగం తప్పు దానిదే. మీటరు ఉంటే 12.6 వోల్టులు చూపించాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసి ఇంజిన్ సులువుగా తిరిగేలా చేసేది) ఉన్న బండయితే దాన్ని ఎత్తి ఇంజిన్ వేగంగా తిరిగాక వదలండి. అది ఉన్నా చాలామంది వాడరే!

ఎయిర్ తీయడం

పగలంతా బాగా నడిచి తెల్లారి మాత్రమే మొరాయించే బండికి చాలాసార్లు లైన్‌లో గాలి పట్టి ఉంటుంది. గట్టిపడిన రబ్బరు గొట్టం చలికి ముడుచుకుని క్లిప్పు దగ్గర వదులవుతుంది, రాత్రంతా డీజిల్ మెల్లగా వెనక్కి జారి గాలి చేరుతుంది. బయట తడి కనపడదు కాబట్టి లీకు లేదనుకుంటారు.

పానాలు, గుడ్డ, కోసిన ప్లాస్టిక్ సీసా, కొత్త రాగి వాషర్లు దగ్గర పెట్టుకోండి. పాత వాషర్లు మళ్లీ వేయకండి. కటింగ్ ప్లేయర్‌తో నట్లు తిప్పేవాళ్లకు నా బండి ఇవ్వను, మీరూ ఇవ్వకండి.

ముందు ట్యాంకులో డీజిల్ పోయండి. ఫిల్టర్ చుట్టూ ఉన్న మట్టిని తుడవకుండా ఏదీ విప్పొద్దు. ఇసుక రేణువు ఒకటి లోపలికెళ్తే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పోతుంది. తర్వాత ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూను కొంచెం వదులు చేయండి, తీసేయొద్దు. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ పంపే చిన్న పంపు) ఉంటే నొక్కుతూ ఉండండి, లేకపోతే డీజిల్ దానంతటదే దిగేదాకా ఆగండి. మొదట బుడగలు, నురగ వస్తాయి. బుడగ లేకుండా ధార కడుతున్నప్పుడే, ధార ఆగకముందే స్క్రూ బిగించాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ధార ఆగాక బిగిస్తే గాలి మళ్లీ లోపలికి పోయినట్టే. డీజిల్ పంపు దగ్గరి ఎయిర్ బోల్టుకూ ఇదే పద్ధతి.

అప్పటికీ పలకకపోతే పంపు నుంచి నాజిల్‌కు వెళ్లే సన్నటి ఉక్కు పైపు ఉంది. దాని నాజిల్ వైపు నట్టు మాత్రమే అర చుట్టు వదులు చేయండి. నట్టు కింద ఉన్న నాజిల్ భాగాన్ని రెండో పానాతో పట్టుకోవాలి, లేకపోతే పైపు మెలి తిరుగుతుంది. నట్టు మీద గుడ్డ కప్పి, యాక్సిలరేటర్ నిండా లాగి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చిమ్మడం మొదలవగానే ఆపించి బిగించండి. వచ్చిందా లేదా అని వేలు పెట్టి చూడకండి. ఈ పైపులో దాదాపు 200 బార్ల ఒత్తిడి పుడుతుంది, ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. చిన్న గాటులాగే కనిపిస్తుంది కానీ వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గాయం. మొహం కూడా దూరంగా పెట్టండి.

ఈ గోలంతా ఎందుకని ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టేవాళ్లున్నారు, ఈథర్ స్ప్రే కొట్టేవాళ్లూ ఉన్నారు. బండి స్టార్ట్ అవుతుంది, నిజమే. కానీ పిస్టన్ పైకి రాకముందే అది అంటుకుని ఎదురు దెబ్బ కొడుతుంది. పిస్టన్ రింగులు విరుగుతాయి, ఒక్కోసారి గుడ్డకే మంట అంటుకుంటుంది. బస్తాల పక్కన ఆ పని అసలొద్దు.

మళ్లీ రాకుండా

గొట్టాలు, క్లిప్పులు కొత్తవి వేయించండి. సాయంత్రమే ట్యాంకు నింపండి. ఖాళీ ట్యాంకులో రాత్రి తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది, వారానికోసారి దాన్ని బయటికి తీసేయాలి. ఇంజిన్ ఆయిల్ 15డబ్ల్యూ-40 రకం తప్ప వేరేది వేయొద్దని నా మాట. మీ బండి పుస్తకం వేరే చెబితే దాని మాట వినండి.

గాలి తీసినా తెల్ల పొగే వస్తూ ఉంటే మెకానిక్ దగ్గర వాల్వ్ గ్యాపు, కంప్రెషన్, నాజిల్ ఈ వరసలో చూడమనండి. పంపును మాత్రం ముందే విప్పనివ్వకండి. చాలా సింగిల్ సిలిండర్ ఇంజిన్లలో దాని కింద ఉండే షిమ్ములనే పల్చటి రేకులే టైమింగును, అంటే డీజిల్ ఏ క్షణాన చిమ్మాలో, నిర్ణయిస్తాయి. విప్పక తప్పకపోతే ఎన్ని తీశారో లెక్కపెట్టి అన్నీ తిరిగి వేయించండి.