శ్రావణ ముహూర్తాలకు ముందే చూసుకోవాల్సింది: మండపం లైట్లు, మధుపర్కం రంగు

పోయిన మాఘమాసంలో తీసిన ఒక పెళ్ళి ప్రూఫ్‌లు చూపించడానికి వాళ్ళింటికి వెళ్ళాను. జీలకర్ర బెల్లం దగ్గర వరసగా తీసిన మూడు ఫొటోలు చూసి, పెళ్ళికూతురి అమ్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏం బాబూ, అమ్మాయి మధుపర్కం ఇందులో తెల్లగా ఉంది, ఇందులో గంధం రంగులో ఉంది, ఇదేమో నీలంగా ఉంది. మేం కట్టింది ఒక్క చీరేగా?" అన్నారు. మొదటి ఫొటోకీ మూడో ఫొటోకీ మధ్య గడిచింది అర సెకను.

కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉంది, అంటే ఆ లైటు కింద తెలుపు ఏదో కెమెరాయే ఊహించుకుంటుంది. షట్టర్ 1/320లో ఉంది, అంటే ఒక్కో ఫొటోకి సెకనులో 320వ వంతు తెరుచుకుంటుంది. స్టేజీ మీద మూడు రకాల లైట్లు వెలుగుతున్నాయి. లైట్లు మండపం వాళ్ళవి, మిగతా రెండూ నా తప్పులే. ఆవిడకి ఇవన్నీ ఏం చెబుతాం? "సరిచేసి ఇస్తానండి" అని వచ్చేశాను. సరిచేయడానికి రెండు రాత్రులు పట్టింది, అయినా పూర్తిగా కుదరలేదు.

ఆషాఢంలో మనకి ముహూర్తాలుండవు. లెన్సులు తుడుచుకోవడం, పాత బకాయిలు వసూలు చేసుకోవడం అయ్యాక, శ్రావణం వచ్చేలోపు ఈ రంగుల సంగతి కూడా ఒకసారి చూసుకుంటే మంచిది.

ముందు లైట్లు లెక్కపెట్టండి

మామూలు ఏసీ కల్యాణ మండపం తీసుకోండి. ఫాల్స్ సీలింగ్‌లో కూల్ డేలైట్ ఎల్ఈడీలు, అంటే 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత). షాండ్లియర్‌లో వార్మ్ వైట్ బల్బులు, 2700 నుంచి 3000. స్టేజీకి పాత హాలోజెన్ ఫోకస్ లైట్లుంటే 3200. వీడియో తమ్ముడి ఎల్ఈడీ ప్యానెల్ 5600. మన ఫ్లాష్ సుమారు 5500. అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు, ఎరుపుల వైపు వెళ్తుంది, పెరిగేకొద్దీ నీలం వైపు. ఇవన్నీ ఒకే మొహం మీద పడుతున్నా మన కంటికి తేడా తెలియదు, పంచె తెల్లగానే కనిపిస్తుంది. కెమెరాకి ఆ సర్దుబాటు లేదు.

ఒక చెంప మీద 3000, ఇంకో చెంప మీద 6500 పడ్డాక ఏ వైట్ బ్యాలెన్స్ పెట్టినా ఒక చెంపే బాగుంటుంది. "రా (కెమెరా రంగులు దిద్దకుండా ఉంచే ఫైలు) తీస్తున్నాంగా, తర్వాత చూసుకోవచ్చు" అనే ధీమా ఇక్కడ పనిచేయదు. రా ఫైల్లో ఫొటో మొత్తాన్ని ఎటైనా జరపొచ్చు, సగాన్ని ఇటూ సగాన్ని అటూ జరపాలంటే ఎక్కడిదాకా మారాలో చూపే హద్దులు, అంటే మాస్కులు గీసుకుంటూ కూర్చోవాలి. ఒక ఫొటోకైతే సరే, నాలుగు వందలకి ఎవరు గీస్తారు?

అందుకే పెళ్ళికి ముందు రోజు, కుదిరితే ముహూర్తం వేళకే, మండపానికి వెళ్ళి లైట్లన్నీ వేయించి చూడండి. పగలు వెళ్తే కిటికీ వెలుగు కలిసిపోయి ఏమీ తెలియదు. ఫోన్‌లో ప్రో మోడ్ తీసి, కెల్విన్ ఒక అంకె దగ్గర ఆపి, ఒక్కో లైటు కింద చెయ్యి పెట్టి ఫొటో తీసుకోండి. ఏ లైటు ఎటు లాగుతుందో ఆ నాలుగు ఫొటోలు పక్కపక్కన పెడితే చాలు, తెలిసిపోతుంది.

తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పట్టుకోవాలి. నేను చూసినంతలో దీన్ని మించిన పరికరం లేదు. "అన్నా, ముహూర్తం టైమ్‌లో స్టేజీ పైన ఉన్న సీలింగ్ లైట్లు ఒక గంట ఆపేస్తావా, ఫోకస్ లైట్లు ఉంటాయిగా" అని టీ తాగుతూ ముందురోజే అడిగితే తొంభై శాతం మంది ఆపుతారు. పంతులుగారు మంత్రం మొదలుపెట్టాక అడిగితే ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు.

స్టేజీ మీద మిగిలిన లైటు ఏదో తేలాక మనమే దాని దారిలోకి వెళ్ళాలి. అది హాలోజెన్ అయితే ఫ్లాష్‌కి ఆరెంజ్ జెల్, అంటే ఫ్లాష్ ముందు పెట్టే పల్చటి రంగు రేకు. ఫుల్ సీటీఓ అని అడిగితే ఇస్తారు. 5500 ఉన్న ఫ్లాష్‌ని అది సుమారు 3200కి దింపుతుంది. వీడియో లైటు బైకలర్ (కెల్విన్ మార్చుకోగలిగేది) అయితే దాన్నీ 3200కి తిప్పించండి. అదే మండపమంతా తెల్ల ఎల్ఈడీలైతే పని సులువు, ఫ్లాష్ ఉన్నది ఉన్నట్టే వాడొచ్చు. అటూ ఇటూ కాకుండా మధ్యలో 4300 పెట్టి గట్టెక్కుదామనుకునేవాళ్ళున్నారు. దాంతో వచ్చేది సగం పసుపు, సగం నీలం. ఒక పక్షం తీసుకోవాల్సిందే.

షట్టర్ వల్ల కూడా రంగు మారుతుంది

అర సెకనులో చీర రంగు మారిన కథ ఇదే. చాలామంది దీన్ని వైట్ బ్యాలెన్స్ అనుకుని కెమెరాని సర్వీసుకి ఇస్తారు.

మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే ట్యూబులు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి. ట్యూబు లోపల పూసిన ఫాస్ఫర్ పొడిలో ఒక్కో రంగు ఒక్కో వేగంతో ఆరుతుంది, కాబట్టి వెలుగు తగ్గే ఘడియలో రంగు కూడా గోధుమ వైపు జరుగుతుంది. 1/100 షట్టర్ అయితే ఒక పూర్తి చుట్టు లోపలికి వస్తుంది, 1/50 అయితే రెండు. ప్రతి ఫొటోకీ వెలుగు ఒకే మోతాదు. 1/320లో ఆ చుట్టులో మూడో వంతు కూడా రాదు. ఒక ఫొటోకి పెరిగే ముక్క దొరుకుతుంది, ఇంకోదానికి తగ్గే ముక్క. కొన్నిసార్లు ఒకే ఫొటోలో పైన తెల్లగా, కింద గోధుమరంగు పట్టీలాగా వస్తుంది. దాన్ని ఏ ఎడిటరూ తిన్నగా తీయలేడు.

జీలకర్ర బెల్లం దగ్గర ఎవరూ పరుగెత్తరు. 1/100 ధారాళంగా చాలు, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) పెంచక్కర్లేదు, అదీ కలిసొస్తుంది. ఇబ్బందల్లా తలంబ్రాల దగ్గరే. బియ్యం గాల్లో ఆగినట్టు రావాలంటే షట్టర్ పెంచబుద్ధేస్తుంది. పెంచకండి, ఫ్లాష్ వేయండి. ఫ్లాష్ వెలుగు సెకనులో వందో వంతు కంటే ఎంతో తక్కువసేపు వెలుగుతుంది, గింజని ఆపే పని అదే చేస్తుంది. ఫ్లాష్ వద్దనుకుంటే కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉందేమో చూడండి. 2014లో కెనాన్ 7డీ మార్క్ 2తో వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. వెలుగు శిఖరం మీద ఉన్నప్పుడే షట్టర్ తెరుస్తుంది. వరస ఫొటోల వేగం కొంచెం తగ్గుతుంది, దానికి సిద్ధపడాలి. డిమ్మర్ మీద తగ్గించిన ఎల్ఈడీలు, డెకరేషన్ స్క్రీన్లు వేరే వేగంతో మినుకుతాయి, వాటికి ఇది పనిచేయదు.

ముందు రోజే పట్టుకోవాలంటే ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టి లైట్ల వైపు పది సెకన్లు తీయండి. మినుకుతున్నవి ఏవో, నిలకడగా ఉన్నవి ఏవో అందులో దొరికిపోతాయి.

వీడియో వాళ్ళకి 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100. అమెరికా నుంచి బావగారు తెచ్చిన కెమెరా అయితే మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అక్కడి 60 హెర్ట్జ్ వీడియో పద్ధతి) నుంచి పాల్‌కి (మన 50 హెర్ట్జ్ పద్ధతి) మార్చారో లేదో చూడండి. అలాగే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ళ పెళ్ళి తీయడానికి వెళ్ళేవాళ్ళకి లెక్క తిరగబడుతుంది. అక్కడ 60 హెర్ట్జ్, కాబట్టి 1/60, 1/120.

మధ్యలో కరెంటు పోయి జనరేటర్ మీదికి వెళ్తే ఒక్క ఫొటో తీసి పెద్దది చేసి చూసుకోండి. బయట ఆవరణలో మెటల్ హాలైడ్ దీపాలుంటే అవి మళ్ళీ వెలిగి కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా రంగు మారుతూనే ఉంటుంది.

ఆటో తీసేయండి, పంచెని నమ్మకండి

ఆటో వైట్ బ్యాలెన్స్ ప్రతి ఫొటోకీ కొత్తగా ఊహిస్తుంది. వెనక బంతిపూల గోడ ఎక్కువ పడితే లైటే పసుపనుకుని నీలం కలుపుతుంది. రెండడుగులు జరిగి ఎర్ర పట్టుచీర నిండా పడేలా తీస్తే ఇంకోటి అనుకుంటుంది. లైటు మారలేదు, మనం జరిగామంతే. కెల్విన్ ఒక అంకె దగ్గర ఆపేస్తే, అది తప్పే అయినా, నాలుగు వందల ఫొటోల్లోనూ ఒకటే తప్పు ఉంటుంది. ఒకటి దిద్ది మిగతావాటికి అంటిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది.

ఆ అంకె ఎక్కడ ఆపాలో చెప్పేది గ్రే కార్డు, అంటే ఏ రంగు వైపూ మొగ్గని బూడిదరంగు అట్ట. కొంతమంది కార్డెందుకు, పెళ్ళికొడుకు పంచె తెల్లగానే ఉందిగా అని దాన్ని చూపించి సెట్ చేస్తారు. ఆ పంచెకి నీలిమందు పెట్టి ఉండొచ్చు. డిటర్జెంట్ పొడుల్లో తెలుపు మెరవడానికి కలిపే రసాయనాలు అతినీల కాంతి తగిలితే నీలంగా వెలుగుతాయి, తెల్ల కాగితానిదీ అదే గుణం. నీలాన్ని తెలుపు అని కెమెరాకి చెబితే అది మొహాల్ని పసుపుపచ్చగా చేసి ఇస్తుంది. కొత్తబట్టలైతే అంచులకి పసుపు పెట్టి ఉంటారు, అది ఇంకోవైపు లాగుతుంది.

కార్డు మన చేతిలో పట్టుకుని మనం నిలబడ్డచోట తీస్తే లాభం లేదు. పెళ్ళికూతురు కూర్చునే పీట దగ్గర, ఆమె మొహం వచ్చే ఎత్తులో, కెమెరా వైపు తిప్పి పట్టుకోవాలి. అసిస్టెంట్‌ని కూర్చోబెడితే చాలు, పీటల మీద కూర్చున్నందుకు వాడిని నాలుగు రోజులు ఆటపట్టించొచ్చు కూడా. ఫ్లాష్ వాడబోతుంటే జెల్‌తో సహా ఫ్లాష్ వెలిగించే తీయాలి. కార్డు ఫ్రేము నిండా రావాలి, దాని మీద తళుకు ఉండకూడదు. ఆ ఫొటోతో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకోండి. కస్టమ్‌లో పెడితే కెల్విన్‌తో పాటు టింట్ (ఆకుపచ్చ, మెజెంటాల మధ్య సర్దుబాటు) కూడా సర్దుకుంటుంది. చవక ఎల్ఈడీల్లోనూ ట్యూబుల్లోనూ ఉండే ఆకుపచ్చ జీరని కెల్విన్ అంకె తీయలేదు, దానికి టింట్‌నే మెజెంటా వైపు జరపాలి. మొహాలు జ్వరపడి లేచినట్టు వస్తున్నాయంటే తొంభై పాళ్ళు ఆ జీరే.

ఇంకో మాట. వెచ్చని లైట్ల దగ్గర చిన్న తేడా కూడా పెద్దగా కనబడుతుంది. 5500 బదులు 6000 పెడితే ఎవరూ గుర్తుపట్టరు. 2700 బదులు 3200 పెడితే పక్కింటివాళ్ళు కూడా గుర్తుపడతారు. రెండు చోట్లా తేడా 500లే. హాలోజెన్, షాండ్లియర్ల కింద అంకెని వందల్లో సవరించుకోవాలి.

ఇద్దరు తీస్తుంటే ఇద్దరూ 3200 పెట్టుకున్నంత మాత్రాన రంగులు కలవవు, ఒక్కో కంపెనీ ఒక్కోలా చూపిస్తుంది. ఒకే కార్డుని ఒకే నిమిషంలో ఇద్దరూ తీసుకోండి. గడియారాలు కూడా అప్పుడే కలుపుకోండి.

కుంకుమ గోధుమరంగులో వస్తుంటే

వైట్ బ్యాలెన్స్ సరిగ్గా ఉన్నా బొట్టు, పారాణి, మధుపర్కం ఎర్రంచు చచ్చినట్టు వస్తాయి కొన్ని లైట్ల కింద. లైట్లోనే ఎరుపు లేకపోతే కెమెరా ఎక్కణ్ణుంచి తెస్తుంది? ప్యానెల్ కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్ఐ (లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) చూసి సంతృప్తి పడకండి. ఆ సగటుని ఎనిమిది రంగుల మీద లెక్కిస్తారు, గాఢమైన ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దాన్ని ఆర్9 అని విడిగా చెప్పాలి. మన పెళ్ళిళ్ళలో సగం రంగు ఎరుపే కాబట్టి ఆర్9 చెప్పని లైటు నేనైతే కొనను.

సంగీత్‌లో పార్ లైట్లు నీలం, ఊదా తిప్పుతున్నప్పుడు తెలుపు కోసం వెతకొద్దు. అక్కడ వైట్ బ్యాలెన్స్‌కి పనిలేదు. మొహం మీద చిన్న తెల్ల లైటు ఒకటి పడేలా చూసుకుని వెనక రంగుల్ని వాటి మానాన వదిలేయండి. హోమగుండం కూడా అంతే. ఆ మంట రెండువేల కెల్విన్‌కి కూడా రాదు. దాన్ని తెల్లగా దిద్దితే అగ్నిహోత్రం ట్యూబ్‌లైట్‌లా ఉంటుంది.

తెల్లవారుజాము ముహూర్తం

నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది ఇదే. నాలుగున్నరకి ముహూర్తం, పక్కలు తెరిచి ఉన్న మండపం. ముహూర్తానికి అంతా చీకటి, లోపల 3200. మంగళసూత్రం, తలంబ్రాలు అయ్యి అప్పగింతలకి వచ్చేసరికి ఒక వైపు నుంచి ఆకాశం వెలుగు లోపలికి దిగుతుంది. సూర్యుడు రాకముందు ఆ వెలుగు ఎనిమిది వేల కెల్విన్ దాటిపోతుంది. పావుగంటకోసారి కార్డు తీసుకోండి, సిగ్గుపడకండి. మొహాల్ని లోపలి లైటుకి కలిపి, వెనక నీలం అయితే కానివ్వండి. తెల్లవారిందని ఫొటోలో తెలియడం మంచిదే. పూర్తిగా వెలుతురొచ్చాక లోపలి లైట్లు ఆర్పించి, జెల్ తీసేసి, మళ్ళీ కార్డు. జెల్ తీయడం మర్చిపోయి అప్పగింతల్లో అందరినీ కామెర్ల రోగుల్లా తీసిన అనుభవం కూడా నాకుంది.

ఎడిటింగ్‌కి కూర్చునే ముందు లాప్‌టాప్‌లో నైట్ లైట్ ఆపారో లేదో చూడండి. రాత్రి తొమ్మిది తర్వాత అది తనంతట తానే స్క్రీన్‌ని పసుపు చేస్తుంది, మనం దానికి విరుగుడుగా ఫొటోల్ని నీలం చేస్తాం. ల్యాబుకి మొత్తం ఆల్బమ్ పంపకుండా మధుపర్కం ఉన్న ఒక పేజీ వేయించి, పగలు నీడలో చూడండి. ప్రూఫ్‌లు చూపించేటప్పుడు కూడా పగలే వెళ్ళి, వీధి వరండాలో కూర్చోబెట్టి చూపించండి. ఆ రోజు ఆవిడ వాళ్ళ హాల్లో కూర్చుని చూశారు. తలెత్తి చూస్తే ఒక గోడకి తెల్ల ట్యూబు, ఎదురు గోడకి పసుపు బల్బు.