చెన్నై నుంచి విమానం ఎంతసేపు? టికెట్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

నెల్లూరు, తిరుపతి వాళ్లకు సింగపూర్ వెళ్లాలన్నా దుబాయ్ వెళ్లాలన్నా చేతికందేది చెన్నై ఎయిర్‌పోర్టే. అక్కణ్నుంచి ఈ రెండు ఊళ్లూ దాదాపు సమాన దూరం, ఒక్కోటీ సుమారు 2,900 కిలోమీటర్లు. కానీ ఉదయం 10:00కి బయల్దేరితే సింగపూర్ టికెట్ మీద దిగే టైము 16:45 అని, దుబాయ్ టికెట్ మీద 12:50 అని ఉండొచ్చు. బయల్దేరే టైము మనది, దిగే టైము వాళ్లది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి అంత తీసేయండి: 4 గంటల 15 నిమిషాలు. దుబాయ్ గంటన్నర వెనక, అది కలపండి: 4 గంటల 20 నిమిషాలు.

దూరం కోసం గూగుల్ మ్యాప్స్‌లో డైరెక్షన్స్ నొక్కితే వచ్చేది రోడ్డు దూరం, విమానానికి అది పనికిరాదు. కంప్యూటర్లో చెన్నై ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేసి ‘మెజర్ డిస్టెన్స్’ ఎంచుకుని, దిగే ఎయిర్‌పోర్టు మీద నొక్కండి. ఊరి మీద కాదు, ఎయిర్‌పోర్టు మీదే. విజయవాడ అంటే గన్నవరం. రోడ్డు మీద 450 దాకా ఉండే ఈ దూరం ఆకాశంలో 400 కిలోమీటర్లే.

ఇక సమయం. జెట్ అయితే దూరాన్ని 800తో భాగించి అరగంట కలపండి. గన్నవరానికి అరగంట, మరో అరగంట, మొత్తం గంట. కలిపే అరగంట ఎందుకంటే, టికెట్ మీది సమయం విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించడం అన్నీ అందులోవే. రెక్కలకు ప్రొపెల్లర్లుండే ఏటీఆర్ అయితే 500తో భాగించాలి, అదే గన్నవరానికి గంటా పావు పైనే అవుతుంది. బుక్ చేసేటప్పుడు ఫ్లైట్ నంబరు పక్కన విమానం రకం రాసి ఉంటుంది, చూసుకోండి.

ఈ లెక్క తప్పేది ముఖ్యంగా గాలి వల్ల. చలికాలంలో ఉత్తర భారతం, గల్ఫ్ మీదుగా ఎత్తులో పడమటి గాలి జోరుగా వీస్తుంది. దుబాయ్ వెళ్లేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. అందుకే ఒకే దారికి రానూపోనూ సమయాలు అరగంట దాకా తేడా పడతాయి.

చెన్నైకి ప్రత్యేకమైన తిప్పలు భోగి తెల్లవారుజామున. మంచుకు మంటల పొగ తోడై రన్‌వే కనపడదు. 2018 భోగికి ఇలాగే దిగలేక కొన్ని విమానాలను బెంగళూరు, హైదరాబాద్‌లకు మళ్లించారు. పండక్కి ఊరెళ్లేవాళ్లు ఆ పూట మధ్యాహ్నం ఫ్లైట్ చూసుకోవడం మేలు, కనెక్షన్ ఉంటే మరీనూ.

ఎక్కువమంది పప్పులో కాలేసేది తేదీ దగ్గర. 15వ తేదీ 00:30 అని ఉంటే, 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. విదేశీ విమానాలకు చెక్-ఇన్ కౌంటరు మామూలుగా గంట ముందే మూసేస్తారు. నెల్లూరు నుంచి రైల్లో వచ్చేవాళ్లు సెంట్రల్‌లో దిగి మెట్రో బ్లూ లైన్ ఎక్కితే మారకుండా నేరుగా ఎయిర్‌పోర్టు స్టేషన్లో దిగొచ్చు. దానికో ముక్కాలు గంట, రైలు ఆలస్యానికి ఇంకో గంట వేసుకోండి.