జోవాలు కోసే ముందు కళ్లజోడు పెట్టుకోండి

తిరుపతి కొర్లగుంటలో మా ఇల్లు. కింద ఇన్వర్టర్లు రిపేరు చేసే షాపు, పైన హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంక్. పైకొచ్చి చూసినవాళ్లు ముందు అడిగేది ఒకటే. "అన్నా, కొమ్మలు కొమ్మలుగా ఉంటాయే, ఆ పగడాలు పెట్టలేదా?" పెట్టలేదు. రాతిపగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్లోనే. అవి సముద్రంలోనే పెరగాలి. నేను పెంచి పంచేది జోవాంథిడ్లను. మేం జోవాలంటాం. రాతి గూడు కట్టుకోని జీవులు ఇవి. చొక్కా గుండీలంత పువ్వులు గుంపుగా పూసినట్టుంటాయి. ఒక గుంపును కోసి పది గుంపులు చేసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు విషం సంగతి. కొన్ని జోవాల్లో, వాటి దగ్గరి చుట్టమైన పాలిథోవాల్లో మరీ ఎక్కువగా, పాలీటాక్సిన్ ఉంటుంది. 1971లో హవాయిలో మొదటిసారి వేరుచేసిన విషం ఇది. మూడేళ్ల కిందట జోవాలున్న ఒక రాయిని చేత్తో నొక్కి పట్టుకుంటే పాలిప్ (గుంపులో ఒక్కో పువ్వు) ముడుచుకుంటూ చిమ్మిన నీళ్లు నా కుడికంట్లో పడ్డాయి. కన్ను ఎర్రగా మండిపోయింది. ఆస్పత్రికి వెళ్తే ఏం పడిందో సరిగా చెప్పలేకపోయాను. చూపు తేటపడటానికి రెండు వారాలు పట్టింది. అప్పటినుంచి నా పనిముట్ల డబ్బా మూత లోపల ఒక చీటీ అంటించి ఉంది: "పాలీటాక్సిన్. సముద్రజీవి విషం." డాక్టరుకు చూపించడానికి.

కాబట్టి కళ్లు పూర్తిగా మూసే గాగుల్స్, నైట్రైల్ గ్లవ్స్, మాస్క్ తప్పవు. చేతిమీద చిన్న గాయమున్నా ఆ రోజు కోయొద్దు. పిల్లల్ని, కుక్కను ఆ గదిలోకి రానివ్వొద్దు. జోవాలున్న రాయిని వేడినీళ్లతో కడగడం, ఉడకబెట్టడం ఎప్పుడూ చేయొద్దు. ఆ ఆవిరి పీలిస్తే ఇంట్లో అందరికీ ప్రమాదమే. కోసిన తర్వాత పెదాలు తిమ్మిరెక్కినా, నోరు చేదుగా అనిపించినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక కాలం. రోహిణి కార్తెలో మా ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఉన్నా ట్యాంక్ సతమతమవుతుంది. కార్తీకం తర్వాత చల్లబడ్డాక కోయండి. నీళ్లు 25, 26 డిగ్రీల్లో, ఉప్పునీటి సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉండాలి. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయాలి, బోరు నీళ్లు కాదు. కరెంటు పోతే నీళ్లను కదిలించే వేవ్ పంపు ఆగకుండా బ్యాటరీ పెట్టుకోండి. దీపం ఆరినా జోవాలకు ఫరవాలేదు, నీళ్లలో కదలిక ఆగితేనే కష్టం.

కోసే రోజు ట్యాంక్ నీళ్లే రెండు టబ్బుల్లో తీసుకుంటాను. రాయిని మొదటి టబ్బులో ముంచి కదపకుండా పది నిమిషాలు ఉంచితే పువ్వులన్నీ ముడుచుకుంటాయి. అప్పుడు వాటి కాడల కింద, రాతిమీద పరుచుకున్న మెత్తటి తోలు లాంటి పొర కనపడుతుంది. పాలిప్‌లన్నిటినీ కలిపేది అదే. నేను దాన్ని చాప అంటాను. కోత పడాల్సింది చాపమీద, రెండు కాడల మధ్య సందులో. కాడ తెగితే ఆ పాలిప్ చాలావరకు కుళ్లుతుంది. కొత్త బ్లేడుతో, రాయి నీళ్లలో ఉండగానే, ముఖం దూరంగా పెట్టి ఒక్క గీత గీయండి. రంపంలా ముందుకీ వెనక్కీ లాగొద్దు. రాయి పలచగా ఉంటే గీత వెంబడి బోన్ కట్టర్‌తో (ఎముకలు కత్తిరించే పటకారు లాంటిది) విరిచేస్తాను. చాప కింద చిటికెడు రాయి ఉంటే అంటించడం చాలా తేలిక. ఒట్టి చాపను ఒలిచి అంటిస్తే జిగురుకు జారిపోతుంది. ముక్కకు మూడు నాలుగు పాలిప్‌లు ఉండనివ్వండి. ఒక్క పాలిప్‌తోనూ బతుకుతుంది గానీ గుంపు కావడానికి నెలలు పడుతుంది.

ముక్కల్ని రెండో టబ్బులో జాడించండి. చాప కింద చుట్టలు చుట్టిన గుడ్లు కనపడితే అవి జోవాలను తినే నత్తలవి, గీకేయాలి. తర్వాత ముక్క అడుగు టిష్యూతో అద్ది, జెల్ సూపర్‌గ్లూతో ఫ్రాగ్ ప్లగ్‌కు, అంటే ముక్కను నిలిపే చిన్న దిమ్మెకు, అంటించి పదిహేను సెకన్లు పట్టుకోండి. పల్చటి సూపర్‌గ్లూ పనికిరాదు, కారిపోతుంది.

ప్లగ్గులు మొదటి వారం ట్యాంక్ అడుగున, వెలుతురు తక్కువున్న చోట పెట్టండి. మూడు నాలుగు రోజులు విచ్చుకోవు, టెన్షన్ పడి చేత్తో కదపొద్దు. ఫిల్టర్లో నీళ్లలోని విషాన్ని పీల్చే కార్బన్ (బొగ్గు) కొత్తది వేయండి. టబ్బుల నీళ్లను ట్యాంకులో తిరిగి పోయకండి. ఒక వంతు బ్లీచ్‌కు పది వంతుల నీళ్లు కలిపి పనిముట్లను, టబ్బులను అరగంట నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టాలి.

చాప అంచున గసగసాలంత మొగ్గ లేస్తే ముక్క నిలదొక్కుకున్నట్టు. అలాంటి వాటినే ఇతరులకు ఇస్తాను. చిత్తూరు నుంచి వచ్చే కుర్రాళ్లకు ఒక్కో ప్లగ్గునూ విడిగా కవర్లో, మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి ఉంచి కట్టి, థర్మోకోల్ పెట్టెలో సర్ది తెల్లవారుజామున బస్సెక్కిస్తాను. పెట్టె మూతమీద, నా డబ్బాలో ఉన్నలాంటి చీటీయే ఒకటి అంటిస్తాను.