నాలుగైదు ఊళ్ళు కలిసి గుట్టనీ చెరువునీ బాగు చేసుకోవాలంటే ఎట్లా మొదలుపెట్టాలి (తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళకి)

ముందే చెప్తున్నా, మొక్కలు నాటడంతో మొదలుపెట్టొద్దు. ఫోటోలు బాగానే వస్తాయి, ఎండాకాలానికి అక్కడ గుంతలే మిగుల్తాయి. ముందు ఊళ్ళు కలవాలి, ఎందుకంటే పై చెరువు నిండి మరవ పోతేనే కింది చెరువుకి నీళ్ళు, గుట్టకి ఇవతల మీరెంత కాపలా కాసినా అవతల ఊళ్ళో ఎవరో అగ్గి పెడితే అది మీవైపుకే వస్తుంది. ఏనుగులకైతే రాష్ట్రం హద్దు కూడా లెక్కలేదు, కౌండిన్య అడవిలోవి కుప్పం, పలమనేరు వైపు నుంచి తమిళనాడుకీ కర్ణాటకకీ పోయొస్తానే ఉంటాయి, 2025లో మనం కర్ణాటకని అడిగి కుంకీ ఏనుగుల్ని (అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చినవి) తెచ్చుకున్నామంటే అందుకే కదా.

కలిసి పనిచేసే ఏరియా ఎంచుకునేటప్పుడు మండలం మ్యాపు పక్కనపెట్టి నీళ్ళు పారే దారి చూడండి. ఒక గుట్ట, దాని కింద గొలుసుకట్టు చెరువులు, వాటిని ఆనుకుని ఉండే ఊళ్ళు, అంతే చాలు. స్వర్ణముఖి నది మొత్తం బాగు చేస్తాం అని కూర్చుంటే మీటింగులతోనే ఏడాది అయిపోతుంది, దాంట్లో కలిసే ఒక వంక తీసుకోండి.

సర్పంచులు, పంచాయతీ సెక్రటరీలు, ఫారెస్ట్ బీట్ ఆఫీసరు, వీళ్ళని ఎట్లాగూ పిలుస్తారు. జీవాలు కాసేవాళ్ళని, యానాదుల్ని, పొదుపు సంఘాల ఆడవాళ్ళని కూడా మొదటి మీటింగుకే పిలవండి, అన్నీ తేల్చేసుకున్నాక సంతకాలకి కాదు. గుట్ట మొత్తం మేత బంద్ అంటే ఎవరూ ఒప్పుకోరు, పగలు ఒప్పుకున్నా రాత్రి తోలుకుపోతారు, వాళ్ళని తప్పు పట్టలేం కూడా, మేకలు ఏం తిని బతకాలి మరి. గుట్టని మూడు నాలుగు ముక్కలుగా చూసుకుని ఒక ముక్కని రెండు మూడేళ్ళు మేపకుండా వదిలేసి తర్వాత ఇంకోదానికి మారండి, ఏ ముక్క ముందో కాసేవాళ్ళనే చెప్పమనండి.

కొత్తగా సంఘం రిజిస్టర్ చేయించే పని పెట్టుకోవద్దు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, మున్సిపాలిటీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. చాలాచోట్ల పేపరు మీదే ఉంటుంది, దాంట్లో మీ పేరుండి మీకే తెలియకపోయినా ఆశ్చర్యం లేదు. సెక్రటరీని అడిగి మెంబర్ల లిస్టు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు (ఊళ్ళో ఉండే చెట్లు, జంతువుల వివరాలు రాసే పుస్తకం) బయటికి తీయించండి. మేత, అగ్గి, కట్టెలు, చెరువు మట్టి, వీటి మీద ఒకే తీర్మానం రాసుకుని అన్ని ఊళ్ళ గ్రామసభల్లో పాస్ చేయించండి.

గుట్ట రిజర్వ్ ఫారెస్ట్ అయితే రేంజ్ ఆఫీసులో లెటర్ ఇచ్చి పర్మిషన్ వచ్చాకే అడుగుపెట్టండి. శేషాచలం చుట్టుపక్కల ఇది మరీ ముఖ్యం, పదిమంది గొడ్డళ్ళు పట్టుకుని అడవిలోకి పోతుంటే ఎర్రచందనం బ్యాచ్ అనుకోక ఏమనుకుంటారు.

రిజిస్టరులో చెట్టు, పిట్ట, చేప, గడ్డి ఏది రాసినా ఊళ్ళో పిలిచే పేరే ముందు రాయండి, వానాకాలంలో ఒకసారి, ఎండల్లో ఒకసారి తిరిగి రాయండి. దేవాంగ పిల్లో (పెద్ద కళ్ళతో రాత్రిళ్ళు తిరిగే చిన్న జంతువు) బంగారు బల్లో కనిపిస్తే మాత్రం ఫలానా చోట అని గ్రూపుల్లో పెట్టొద్దు, దేవాంగ పిల్లిని క్షుద్రపూజలకని పట్టుకుపోయేవాళ్ళు ఉన్నారు.

ఇక అసలు చాకిరీ లంటానా కంపతోనే, గుట్టల్ని కమ్మేసే బయటి దేశపు పొద అది. పైపైన కొడితే రెట్టింపు చిగురేస్తుంది, కాల్చినా మళ్ళీ వస్తుంది. వేరు చుట్టూ మట్టి కొంచెం తీసి నేలకి ఒకటిన్నర, రెండు అంగుళాల లోపల తల్లివేరుని నరికి, పొదని లేపి తలకిందులుగా పెట్టేస్తే ఎండిపోతుంది. కాయ పండకముందే తీయాలి, లేకపోతే పిగిలిపిట్టలు తిని గుట్టంతా గింజలు వేస్తాయి. పైనుంచి కిందికి తీసుకుంటా రండి, లేదంటే వానకి పై గింజలు కొట్టుకొచ్చి శుభ్రం చేసిన చోటే మొలుస్తాయి. ఖాళీ అయిన నేలని ఊరికే వదలొద్దు, అదే గుట్ట మీది గడ్డి గింజలు ఏరుకొచ్చి వెంటనే చల్లండి, తర్వాత రెండు మూడేళ్ళు వానలు పడినప్పుడల్లా పోయి మొలకలు పీకాల్సిందే. ఒక్క ఊరి వల్ల అయ్యే పని కాదని ఇక్కడే తెలుస్తుంది, పక్క ఊరి వైపు కంప అట్లాగే ఉంటే మీ కూలి అంతా దండగ.

మొక్కలు దీని తర్వాతే. మోదుగ, తంగేడు, రేగు, బలుసు, నేరేడు మాదిరి గుట్ట చుట్టూ ఇప్పటికే ఉండేవాటి విత్తనాలతో ఊళ్ళోనే నర్సరీ పెట్టుకోండి, ఊరికే వస్తున్నాయి కదా అని కోనోకార్పస్ లాంటి బయటి దేశపు మొక్కలు తెచ్చి పెట్టొద్దు. జూన్‌లో అందరూ నాటుతున్నారని తొందరపడొద్దు, తిరుపతి, శ్రీకాళహస్తి వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి దసరా టైములో నాటితే నీళ్ళు మోసే బాధ తగ్గుతుంది. కుప్పం, పలమనేరు వైపు ఇంకొంచెం ముందే నాటొచ్చు.

డబ్బులు ఉపాధి హామీ నుంచి వచ్చినా కంపెనీలు సమాజం కోసం ఇచ్చే నిధి (సీఎస్ఆర్) నుంచి వచ్చినా ఏ ఊరికి ఎంత కూలి పోయిందో ప్రతి నెలా అన్ని ఊళ్ళలో బోర్డు మీద రాయండి, కలిసిన ఊళ్ళు విడిపోయేది ఎక్కువగా ఈ లెక్కల దగ్గరే.

అగ్గి సంగతి ఫిబ్రవరి రాకముందే చూసుకోవాలి. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేస్తే ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు రావాల్సొచ్చింది, మన గుట్టకి ఎవరూ రారు. ఎండుగడ్డి తీసి ఫైర్ లైన్లు వేసుకోండి, బీట్ ఆఫీసరు నంబరు, ఊరికి ఇద్దరి నంబర్లు గుడి దగ్గరో రచ్చబండ దగ్గరో గోడ మీద పెద్దగా రాయించండి, సిగ్నల్ లేని గుట్ట మీద వాట్సాప్ గ్రూపు పనికిరాదు.